సూది గుచ్చుకుని మూడు వారాలైంది, ఎవరికీ చెప్పలేదు

ప్రశ్న: నేను ఎమర్జెన్సీ వార్డులో స్టాఫ్ నర్సుని. మూడు వారాల క్రితం నైట్ డ్యూటీలో ఒక యాక్సిడెంట్ కేసు వచ్చింది. ఆయన గింజుకుంటుంటే ఇద్దరు పట్టుకున్నారు, నేను సెలైన్ ఎక్కించడానికి నరంలో కాన్యులా వేశాను. నరం దొరికింది. సూది బయటికి తీస్తుండగా ఆయన చెయ్యి విదిలించడంతో అది నా ఎడమ చూపుడు వేలికి గుచ్చుకుంది. గ్లవ్ తీసి చూస్తే రక్తపు చుక్క. చెయ్యి కడుక్కుని మళ్లీ పనిలో పడ్డాను. చెబితే ఇన్‌ఛార్జ్ తిడతారని, నలుగురూ ఏమనుకుంటారోనని ఎవరికీ చెప్పలేదు. తెల్లవారేసరికి ఆయన్ని వేరే ఆస్పత్రికి పంపేశారు. ఆయనకి ఏమైనా ఉందో లేదో తెలీదు. హెపటైటిస్ బి టీకా రెండు డోసులు వేయించుకున్నాను, మూడోది మర్చిపోయాను. మొన్న రెండు రోజులు జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. అప్పట్నుంచి నిద్ర లేదు. రెండేళ్ల పాప నా ప్లేటులో చెయ్యి పెడితే లాగేస్తున్నాను. మావారికీ చెప్పలేదు. ఆయన ఎప్పట్నుంచో ఎమర్జెన్సీ వదిలెయ్యమంటున్నారు. వచ్చిన ప్రతి పేషెంట్‌కీ ముందే టెస్టులు చేసి, జబ్బు ఉన్నవాళ్ల కేసుషీట్ మీద గుర్తు పెడితే మాకీ బాధ ఉండదు కదా? (పేరు వద్దు)

సమాధానం:

సిస్టర్, ఆలస్యమైన మాట నిజం. కానీ పరిస్థితి చెయ్యి దాటిపోలేదు. భయం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు రేపు పొద్దున ఏం చెయ్యాలో చెబుతాను.

డ్యూటీకి ఒక గంట ముందే వెళ్లండి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ ఉంటే ఆమె దగ్గరికి, లేకపోతే స్టాఫ్‌ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లి, "ఫలానా తేదీ రాత్రి కాన్యులా సూది గుచ్చుకుంది, అప్పుడు చెప్పలేదు" అని ఆ ఒక్క ముక్కా చెప్పండి. సంజాయిషీ ఏమీ ఇవ్వక్కర్లేదు. తేదీ, టైము, ఏ సూది, ఏ వేలు, గ్లవ్స్ ఉన్నాయా లేదా, అన్నీ రాయించండి. ఆ పేషెంట్ వివరాలు మీ రికార్డుల్లో ఉంటాయి. ఆయన్ని పంపిన ఆస్పత్రితో మాట్లాడి, ఆయన ఒప్పుకుంటే పరీక్షలు చేయించమని అడగడం ఇప్పటికీ కుదిరే పనే. ఆయన రిపోర్టులు నెగెటివ్ వస్తే మీ టెన్షన్ చాలావరకు ఆ రోజే తీరుతుంది.

తర్వాత మీ రక్తం. హెచ్ఐవీకి నాలుగో తరం పరీక్ష అడగండి, అది వైరస్ తాలూకు యాంటీజెన్‌నీ మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీనీ రెండింటినీ వెతుకుతుంది. హెపటైటిస్ సికి యాంటీబాడీతో పాటు, వైరస్‌నే నేరుగా వెతికే ఆర్ఎన్ఏ పరీక్ష తప్పకుండా చెయ్యాలి. సి యాంటీబాడీలు కనిపించడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆర్ఎన్ఏ అయితే మూడు నుంచి ఆరు వారాల మధ్యే చూస్తారు, మీరు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. హెపటైటిస్ బికి సర్ఫేస్ యాంటీజెన్ (వైరస్ పైపొరలోని ప్రోటీన్), దాని యాంటీబాడీ, కోర్ యాంటీబాడీ. ఇవన్నీ ఒక్క సారి సూదితో అయిపోతాయి.

రక్తం ఇచ్చాకే మూడో డోసు టీకా వేయించుకోండి, ఆ రోజే. ఈ వరస మాత్రం మార్చొద్దు. టీకాలో ఉండేదే ఆ సర్ఫేస్ యాంటీజెన్. టీకా వేసిన కొద్ది రోజుల్లో పరీక్ష చేస్తే లేని జబ్బు ఉన్నట్టు చూపించవచ్చు, ఆ కాగితం చూసి మీకు గుండె ఆగినంత పనవుతుంది. రెండో డోసు వేయించుకుని ఎన్నాళ్లయినా సరే, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మూడోది వేస్తే చాలు. అది వేసిన నెల నుంచి రెండు నెలల లోపు యాంటీబాడీ ఎంతుందో కొలిపించుకోండి. 10 యూనిట్లు, ఆపైన ఉంటే బి వైరస్ నుంచి మీకు రక్షణ ఉన్నట్టే. హెచ్ఐవీ పరీక్ష గుచ్చుకున్న రోజు నుంచి ఆరో వారంలో, పన్నెండో వారంలో మళ్లీ చేయిస్తారు. బి, సి పరీక్షలు ఆరు నెలలకి ఇంకోసారి. మీ డాక్టర్ తేదీలు కాస్త అటూ ఇటూ మార్చినా కంగారు పడకండి.

జ్వరం గురించి. హెచ్ఐవీ కొత్తగా సోకినవాళ్లలో చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల మధ్య జ్వరం, గొంతునొప్పి, బిళ్లలు కట్టడం, ఒంటిమీద దద్దుర్లు రావడం జరుగుతుంది. నర్సుగా మీకిది తెలుసు, అందుకే మొన్నటి జ్వరం మిమ్మల్ని అంతలా పట్టేసింది. కానీ రెండు రోజుల జ్వరం, గొంతునొప్పి నూటికి తొంభై పాళ్లు మామూలు జలుబు వైరస్‌ల వల్లే వస్తాయి, ఎమర్జెన్సీలో రోజంతా దగ్గేవాళ్ల మధ్య నిలబడే మనిషికి ఇంకా ఎక్కువ. లక్షణాలను బట్టి మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. పరీక్ష చేసే డాక్టర్‌కి ఆ జ్వరం సంగతి చెప్పండి, అంతే.

ఇక మీ నిద్ర చెడగొడుతున్న అంకెలు. హెచ్ఐవీ ఉన్న మనిషి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, మందులేవీ వాడకపోయినా, వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి అంటుకుంటుంది. మిగతా 997 మందికి ఏమీ కాదు. హెపటైటిస్ సికి పాత లెక్కల్లో నూటికి దాదాపు ఇద్దరని ఉండేది, తర్వాతి లెక్కల్లో అది వెయ్యికి ఇద్దరికి దిగింది. హెపటైటిస్ బి కథ వేరు. టీకా లేనివాళ్లకి, పేషెంట్ రక్తంలో వైరస్ ఎంత జోరుగా ఉందన్నదాన్ని బట్టి, నూటికి 6 నుంచి 30 మంది దాకా. ఇవన్నీ పేషెంట్‌కి ఆ వైరస్ ఉందని తెలిసినప్పటి లెక్కలు. మీ పేషెంట్‌కి అసలు ఏదైనా ఉందో లేదో ఇంకా తెలీదు.

మీ దగ్గర దాచను. కాన్యులా సూది బోలు సూది, లోపల రక్తం నిలుస్తుంది, పైగా అప్పుడే నరంలోంచి బయటికి వచ్చింది. 1997లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో హెచ్ఐవీ సోకడానికి దోహదం చేసినవిగా తేలినవి ఇవి: గాయం లోతుగా ఉండటం, పరికరం మీద రక్తం కంటికి కనబడేలా ఉండటం, ఆ సూది నేరుగా రక్తనాళంలో పెట్టినది కావడం, పేషెంట్‌కి జబ్బు బాగా ముదిరి ఉండటం. మీ విషయంలో రక్తనాళం సంగతి వర్తిస్తుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే గాయం పైపైదే. గ్లవ్ ఉండటం కూడా మంచిదైంది, సూది రబ్బరులోంచి దూరేటప్పుడు పైనున్న రక్తం కొంత అక్కడే తుడుచుకుపోతుంది.

అందరూ హెచ్ఐవీ పేరు చెప్పి వణుకుతారు. ఈ మూడింట్లో నన్ను భయపెట్టేది మాత్రం బి. ఎండిపోయిన రక్తపు మరకలో, ట్రాలీ అంచు మీద అది కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. మరి దానికే చక్కటి టీకా ఉంది, దాన్నే మనం మూడో డోసు దగ్గర వదిలేస్తున్నాం. మీకు ఊరటనిచ్చే విషయం, నలభై ఏళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు డోసులకే నలుగురిలో ముగ్గురికి రక్షణ వస్తుంది. మీకు వచ్చిందో లేదో రేపటి రక్తపరీక్షే చెబుతుంది. సి వైరస్‌ని 1989లో గుర్తించారు. దానికి టీకా లేదు, గుచ్చుకున్నాక ముందుజాగ్రత్తగా వేసుకునే మందూ లేదు. కానీ సోకినా ఈ రోజు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు మాత్రలు మింగితే నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతోంది.

హెచ్ఐవీ గురించి ఒక్క లెక్క చెప్పి ఊరుకుంటాను. సూది ద్వారా ఒక నర్సుకి ఆ వైరస్ సోకిన మొదటి సంగతి 1984లో బ్రిటన్ నుంచి బయటికి వచ్చింది. అమెరికాలో 1985 నుంచి 2013 వరకు ఉద్యోగంలో సోకినట్టు రుజువైన కేసులు మొత్తం 58. అందులో 1999 తర్వాతది ఒక్కటే, అదీ ల్యాబ్‌లో వైరస్‌ని పెంచుతూ పనిచేసిన మనిషికి.

అలా తగ్గడానికి ఒక పెద్ద కారణం గుచ్చుకున్న వెంటనే వాడే పెప్ మందులు. మీరు పోగొట్టుకున్నది ఆ అవకాశమే. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు, ఇది చదివే మరో సిస్టర్‌కో, టెక్నీషియన్‌కో, వార్డుబాయ్‌కో ఈ రోజే గుచ్చుకుని ఉండొచ్చు. వాళ్లకి చెబుతున్నాను. గుచ్చుకున్నచోట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, బ్లీచింగో స్పిరిటో పోసి మంట పుట్టించొద్దు. కంట్లో చిమ్మితే మామూలు నీళ్లతోనో సెలైన్‌తోనో కడుగుతూనే ఉండండి, కాంటాక్ట్ లెన్స్ ఉంటే కడుగుతూనే తీసెయ్యండి. వెంటనే వెళ్లి చెప్పండి. పేషెంట్‌కి హెచ్ఐవీ ఉందని తెలిసినా, ఉండొచ్చన్న అనుమానం ఉన్నా, పెప్ మొదటి డోసు గంటల్లో పడాలి. 72 గంటలు దాటితే ఇక సాధారణంగా మొదలుపెట్టరు. పేషెంట్ రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు, నెగెటివ్ వస్తే ఆపేస్తారు. లేదంటే 28 రోజులు వాడాలి. ఇందాకటి 1997 అధ్యయనంలోనే, అప్పటి ఒక్క పాత మందు జిడోవుడిన్ వాడినవాళ్లకి కూడా ముప్పు 81 శాతం తగ్గిందని తేలింది. ఇప్పటివి మూడు మందుల కలయిక, వికారం, తలనొప్పి లాంటివి కూడా మునుపటికంటే చాలా తక్కువ. బి టీకా లేనివాళ్లకి, బి ఉన్న పేషెంట్ సూది గుచ్చుకుంటే టీకాతో పాటు, తయారుగా ఉన్న యాంటీబాడీలను ఒంట్లోకి ఎక్కించే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది 24 గంటల్లో పడితే మేలు, ఏడు రోజుల దాకా ఇవ్వొచ్చు.

నేనూ దాచాను, సిస్టర్. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, రాత్రి రెండు దాటాక, తల పగిలిన ఒక మనిషికి కుట్లు వేస్తున్నాను. ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు, వంకర సూది నా బొటనవేలిలో దిగింది. గ్లవ్ లోపల ఎర్రగా ఒక మరక మెల్లగా పరుచుకోవడం చూస్తూనే మిగతా మూడు కుట్లూ వేసి, చెయ్యి ఏప్రన్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాను. తలుపు దగ్గర ఒక పెద్ద సిస్టర్ ఆపింది. ఏమీ అనలేదు. నా మణికట్టు పట్టుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లి, గ్లవ్ తిరగేసి తీసి, కుళాయి విప్పి, "ఎన్ని గంటలకి గుచ్చుకుంది? టైము చెప్పు, రాయాలి" అని మాత్రం అడిగింది. తిట్టలేదు, జాలిపడలేదు. ఆ పేషెంట్ రిపోర్టులు నెగెటివ్ అని తేలేదాకా రోజుకోసారి నన్ను పలకరించింది. ఆ రాత్రి ఆమె తలుపు దగ్గర లేకపోతే నేనూ మీలాగే మూడు వారాలు ఒంటరిగా లెక్కలు వేసుకుంటూ కూర్చునేవాణ్ని.

అందుకే ఈ మాట ఇన్‌ఛార్జ్‌లకి కూడా. సూది గుచ్చుకున్న పిల్ల మీ ముందు నిలబడినప్పుడు మీ నోట మొదట వచ్చే మాట "జాగ్రత్తగా ఉండక్కర్లేదా?" అయితే, రేపు గుచ్చుకునే ఇంకో పిల్ల మీ దగ్గరికి రాదు. ఆమె 72 గంటలూ మీ కోపానికి భయపడుతూనే గడిచిపోతాయి. దీని గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా, కోపంగా ఉంటుంది.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. అందరికీ ముందే టెస్టులు చేసి గుర్తు పెడితే పోదా అన్నారు. భయంలో ఎవరికైనా వచ్చే ఆలోచనే. కానీ ఎమర్జెన్సీలో అది పనికిరాదు. రక్తం కారుతూ వచ్చిన మనిషికి ముందు కాన్యులా పడాలి, రిపోర్టు వచ్చేది తర్వాత. కొత్తగా సోకినవాళ్లకి కొన్ని వారాల పాటు పరీక్ష నెగెటివ్ చూపిస్తుంది, ఒంట్లో వైరస్ మాత్రం విపరీతంగా ఉండేది అప్పుడే. బాల్టిమోర్‌లోని ఒక ఎమర్జెన్సీలో 2,523 మంది రక్తం పరీక్షించి 1992లో వివరాలు ప్రచురించారు. నూటికి 24 మందికి ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంది. హెచ్ఐవీ 6 శాతం, బి 5 శాతం, సి 18 శాతం. హెచ్ఐవీ ఒక్కటే పరీక్షించి ఉంటే, బి ఉన్నవాళ్లలో 87 శాతం, సి ఉన్నవాళ్లలో 80 శాతం మంది కంటపడేవాళ్లే కాదు. ఆ అంకెలు ఆ ఊరివి, ఆ కాలానివి. అన్నిచోట్లా అలాగే ఉండవు. కానీ గుర్తు లేని కేసుషీట్‌ని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో అవి చెబుతాయి.

ఇంకోటి కూడా చూడండి. హెచ్ఐవీ ఉందని తెలిసి, క్రమం తప్పకుండా మందులు వాడుతున్న మనిషి రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తక్కువకి పడిపోతుంది. మీరు గుర్తు పెట్టేది ఆయనకి. తన సంగతి తనకే తెలియని మనిషి పక్క మంచం మీద ఏ గుర్తూ లేకుండా ఉంటాడు, అక్కడ మన చెయ్యి కాస్త అజాగ్రత్తగా కదులుతుంది. ఆ గుర్తు ఉన్న మనిషి దగ్గరికి వెళ్లడానికి ఎంతమంది వెనకాడతారో, ఆయనకి కుట్లు వెయ్యడం ఎంత ఆలస్యమవుతుందో మీరూ నేనూ చూడనిది కాదు. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి కొన్ని ఎమర్జెన్సీల్లో, ఎలాగూ రక్తం తీస్తున్న పెద్దవాళ్లకి, వద్దనకపోతే ఈ మూడు పరీక్షలూ చేస్తున్నారు. అది ఆ పేషెంట్లకి వైద్యం అందించడం కోసం. అలాంటి పరీక్షకి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. స్టాఫ్ విషయానికొస్తే, ప్రతి మనిషి రక్తాన్నీ ఒకేలా చూడమనే పద్ధతి 1980ల నడిమి నుంచే ఉంది, దాన్ని మించింది ఇంతవరకు రాలేదు.

మరి ఎమర్జెన్సీలో సూది ఎప్పుడు గుచ్చుకుంటుంది? చాలాసార్లు పని అయిపోయాకే. నరం దొరికింది, రక్తం కనబడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సెలైన్ ట్యూబు తగిలించడానికి రెండు చేతులూ కావాలి, అందుకని సూదిని "ఒక్క నిమిషం" పక్కమీద పెడతాం. ఎవరో పేషెంట్‌ని పక్కకి జరుపుతారు, దుప్పటి మడతలో సూది మాయమవుతుంది. తెల్లారి ఆ దుప్పటి ఎత్తే ఆయమ్మ చేతిలో అది దొరుకుతుంది. ఆమెకి టీకా వేశారా అని ఎవరూ అడిగి ఉండరు. ఇంకోటి క్యాప్ తిరిగి పెట్టడం. ఎడమ చేతిలో క్యాప్, కుడి చేతిలో సిరంజి, సరిగ్గా అప్పుడే ఎవరో పేరు పెట్టి పిలుస్తారు.

మీరు రాయని విషయం ఒకటుంది: ఆ రాత్రి వాడిన సూదులు పడేసే షార్ప్స్ డబ్బా ఎక్కడుంది? గది అవతలి మూలన ఉంటే, మీ సూది అంత దూరం గాల్లో ప్రయాణం చెయ్యాలి. మొదలుపెట్టే ముందే డబ్బా మీ చెయ్యి చాపితే అందేచోటికి లాక్కోండి, సూది బయటికి రాగానే నేరుగా అందులోకి. ముప్పావు నిండితే మార్చమనండి, పైకి పొడుచుకొచ్చిన సూదుల మీద ఇంకోటి నొక్కొద్దు. గింజుకునే పేషెంట్ అయితే పట్టుకునేవాళ్లలో ఒకరు మీరు సూది పెట్టే చేతిని, మోచేతి పైనా కిందా పట్టుకోవాలి, సూది డబ్బాలో పడ్డాక మీరు చెబితేనే వదలాలి. సూది తీస్తున్నప్పుడు "సూది" అని గట్టిగా అనండి. బయటికి రాగానే మొన దానంతటదే మూసుకుపోయే కాన్యులాలు ఉన్నాయి, అవి తెప్పించమని మీ ఇన్‌ఛార్జ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. రక్తం చిమ్మే కేసుల్లో కళ్లద్దాలు మర్చిపోకండి. చెమట, కన్నీళ్లు, మూత్రం, వాంతి వీటిలో రక్తం కనబడకపోతే ఈ మూడు వైరస్‌ల గురించి బెంగ అక్కర్లేదు.

ఎమర్జెన్సీ వదలాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చకండి. సూదులు లేబర్ రూమ్‌లోనూ ఉన్నాయి, వార్డులోనూ ఉన్నాయి. రిపోర్టులు చేతికొచ్చి, కంటినిండా నిద్రపోయిన ఒక వారం తర్వాత కూడా వెళ్లిపోవాలనే అనిపిస్తే వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

మీవారికి ఈ రాత్రే చెప్పండి. పరీక్షలు పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి, రక్తదానం చెయ్యకూడదు, కాబట్టి ఎలాగూ దాచలేరు. "నాకు సూది గుచ్చుకుంది, భయమేసి చెప్పలేదు, రేపు టెస్టుకి వెళ్తున్నా, నువ్వూ రా" అంటే సరిపోతుంది. ఉద్యోగం వదిలెయ్యమని ఆయన మళ్లీ అంటే, ఆ మాట రిపోర్టులొచ్చాక మాట్లాడుకుందాం అనండి.

పాప సంగతి. ఒకే ప్లేటులో తిన్నా, ఎంగిలి తాగినా, ముద్దు పెట్టుకున్నా, పక్కన పడుకున్నా వీటిలో ఏ వైరస్సూ అలా అంటుకోదు. మీ బ్రష్షు, బ్లేడు విడిగా పెట్టుకోండి, వేలికి ఎప్పుడైనా గాయమైతే ప్లాస్టర్ వేసుకోండి. పాపకి బి టీకా డోసులన్నీ పడ్డాయో లేదో టీకాల కార్డు తీసి చూడండి. రాత్రి అన్నం తినేటప్పుడు పాప మీ ప్లేటులో చెయ్యి పెడితే, పెట్టనివ్వండి.